మెదడు చిత్రాలతో పాటు సమ్మతి పత్రం కూడా చదవాలి

ప్రశ్న: మాది నర్సంపేట. మా అమ్మాయి హనుమకొండలో హాస్టల్‌లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ చదువుతోంది. డాక్టరు కావడం కంటే మెదడు మీద పరిశోధన చేయడమే ఇష్టమని అంటోంది. పరిశోధనా నైతికత గురించి కూడా తెలుసుకోవాలట. ఆన్‌లైన్‌లో నమ్మదగినవి ఏమున్నాయి? డబ్బు కట్టాలా?

జవాబు: మీ అమ్మాయి ఈ రెండింటినీ కలిపి అడిగిందంటే నాకు చాలా సంతోషం కలిగింది, ఎందుకంటే ప్రయోగశాలలో చేరిన తర్వాత గానీ చాలామందికి రెండోదాని ఊసే రాదు. ఇప్పుడున్న దశలో మీరు ఒక్క రూపాయి కూడా కట్టనవసరం లేదు.

మొదట బ్రెయిన్‌ఫ్యాక్ట్స్ వెబ్‌సైటు చూడమనండి. అమెరికాలోని సొసైటీ ఫర్ న్యూరోసైన్స్ మరో రెండు సంస్థలతో కలిసి 2012లో ప్రారంభించిన ఈ సైటులో, మెదడును అన్ని వైపులకూ తిప్పి చూపే త్రీడీ బొమ్మ, ఉచితంగా దించుకోగల ఒక పరిచయ పుస్తకం ఉన్నాయి. మనిషి తన మెదడులో పది శాతమే వాడతాడని చెప్పే వీడియోలు ఆమె ఫోన్‌లోకి తప్పకుండా వచ్చి ఉంటాయి. అది ఎందుకు అబద్ధమో ఇక్కడే వెతికి తెలుసుకుంటే, మిగతా వీడియోలను తూచి చూడడం కూడా అలవాటవుతుంది. ఆ తర్వాత ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ, ఐఐఎస్‌సీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా వినవచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు ఉంటుంది. అవి డిగ్రీ స్థాయి పాఠాలు కనుక అర్థం కాని చోట దిగులు పడవద్దని చెప్పండి.

ఇక ధరణి. ఈ మాట వినగానే మనకు పట్టాదారు పాసుపుస్తకాలే గుర్తుకొస్తాయి గానీ, ఐఐటీ మద్రాసులోని సుధా గోపాలకృష్ణన్ బ్రెయిన్ సెంటర్ 2024 డిసెంబరులో విడుదల చేసిన మెదడు అట్లాసుకు కూడా అదే పేరు. గర్భంలో రెండో త్రైమాసికంలో ఉన్న శిశువుల మెదళ్లను పలుచని పొరలుగా కోసి తీసిన 5,132 చిత్రాలను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. అద్భుతమైన పని అది. అయితే ఆ చిత్రాలు చూస్తున్నప్పుడే ఒక ప్రశ్న వేసుకోమనండి: లోకం చూడని ఆ శిశువుల మెదళ్లను శాస్త్రవేత్తలకు ఇచ్చేందుకు ఎవరు ఒప్పుకున్నారు, వారిని ఏమని అడిగారు, ఆ అడిగిన తీరును ఎవరు పరిశీలించారు? దానిపై వెలువడిన పరిశోధనా వ్యాసంలో నైతిక అనుమతికి సంబంధించిన భాగాన్ని వెతికి చదివితే, ఆమె అడిగిన రెండో విషయంలో మొదటి పాఠం పూర్తయినట్టే.

రెండో పాఠానికి భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, 2017లో ప్రచురించిన జాతీయ నైతిక మార్గదర్శకాలు చాలు. అవి ఆ సంస్థ వెబ్‌సైటులోనే ఉచితంగా దొరుకుతాయి. పిల్లల గురించిన భాగంతో మొదలుపెట్టమనండి, ఎందుకంటే అది ఆమె గురించే. పద్దెనిమిదేళ్లు నిండని వారిపై పరిశోధన చేయాలంటే తల్లిదండ్రుల సమ్మతితో పాటు, పన్నెండేళ్లు దాటిన పిల్లల అంగీకారాన్ని కూడా రాతపూర్వకంగా తీసుకోవాలని అందులో ఉంది. మన పక్కనే, అప్పటి ఖమ్మం జిల్లాలో, 2009లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టులో అనేక సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2010 ఏప్రిల్‌లో దాన్ని నిలిపివేశారు, పార్లమెంటు స్థాయీ సంఘం కూడా విచారించి తప్పుపట్టింది. ఆ టీకా ఇప్పటికీ ఎన్నో దేశాల్లో వాడుకలో ఉంది, దాని మంచిచెడ్డలు వేరే చర్చ. హాస్టల్‌లో ఉన్న బిడ్డ తరఫున ఎవరు "సరే" అనవచ్చు అన్నదే ఇక్కడి ప్రశ్న, అది మీ ఇంటికి దూరమైన ప్రశ్న కాదు.

నేను కొంతకాలం ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో, అంటే పరిశోధనలను నైతికంగా పరిశీలించి అనుమతించే సంఘంలో, వైద్యరంగంతో సంబంధం లేని సామాన్య సభ్యుడిగా కూర్చున్నాను. ఒకసారి మా ముందుకు వచ్చిన తెలుగు సమ్మతి పత్రంలో "యాదృచ్ఛికీకరణ" అనే మాట ఉంది. పరకాల వైపు పత్తి చేనులో పనిచేసే ఒక అమ్మ ఆ మాట చదివి ఏమి అర్థం చేసుకుని వేలిముద్ర వేయాలి? చాలాసేపు మాట్లాడుకుని, "మీకు ఏ మందు వస్తుందో చీటీ తీసినట్టు నిర్ణయిస్తాము, డాక్టరు ఎంచుకోరు" అని మార్పించాము. మెదడు పరిశోధనలో ఇది ఇంకా కష్టం, ఎందుకంటే మతిమరుపు ముదిరిన పెద్దమనిషి పత్రం విని తల ఊపినా, విన్నది ఆయనకు ఎంతవరకు నిలిచిందో తేల్చుకోవాలి. మీ అమ్మాయికి తెలుగు బాగా వచ్చి ఉంటే, ఈ రంగంలో అది ఇంగ్లిషుతో సమానంగా పనికివస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

చదువు దారి విషయానికి వస్తే, బైపీసీతోనే ఐఐఎస్‌ఈఆర్ (కేంద్ర ప్రభుత్వ విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ) ప్రవేశ పరీక్ష రాయవచ్చు, తిరుపతిలోనూ ఆ సంస్థ ఉంది. లేదా ఇక్కడే డిగ్రీ చేసి, తర్వాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రానికి గానీ, మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రానికి గానీ, బెంగళూరులో మానసిక ఆరోగ్యానికీ, నాడీ శాస్త్రాలకూ ఉన్న జాతీయ సంస్థ నిమ్హాన్స్‌కు గానీ ప్రయత్నించవచ్చు. నీట్ రాయడం మానిపించకండి. ఎంబీబీఎస్ చేసి పరిశోధనలోకి వెళ్లే దారి కూడా ఉంది.

ఈ దసరా సెలవులకు బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు, ఆ ఐసీఎంఆర్ మార్గదర్శకాల్లో పిల్లల గురించిన భాగం నుంచి ఒక్క పేజీని తెలుగులో రాసి మీకు చదివి వినిపించమనండి. మీకు అర్థం కాని ప్రతి మాట కింద గీత గీసి, ఆ కాగితాన్ని తిరిగి ఆమెకే ఇవ్వండి.