నొప్పి గోళీలతోని మనిషి ఇట్ల మారుతడా? మారుతడు, నేను మారిన

మీ నాయినకు నడుం నొప్పికి రెండేండ్ల సంది ట్రమడాల్ వాడుతున్నరు, ఈమధ్య ఊకె చిరాకు పడుతుండు, ఎవ్వలతోని మాట్లాడడు, టీవీ ముంగట కూసుంటడు గని టీవీ గూడ చూడడు, ఇది వయసా గోళీనా అని అడిగిన్రు గదా. నాకైతే గోళీనే అనిపిస్తుంది. నేను డాక్టర్ని కాదు గని మూడేండ్లు అదే గోళీ మింగిన, మీరు రాసింది చదువుతుంటే నా గురించే రాసినట్టు అనిపించింది.

నేను బాలానగర్ల లేత్ మిషన్ మీద పని చేస్త. 2019ల నడుము డిస్క్ ఆపరేషన్ అయింది, మంచిగనే అయిందన్నరు గని ఎడమ కాలు పొడుగూత గుంజుడు పోలే. మొదలు రోజుకు రెండు గోళీలు, తర్వాత నాలుగు. పొద్దంత నిలబడి చేసే పని, గోళీ లేకుంటే మధ్యాహ్నందాక గూడ అయితుండకపోయేది. అందుకే ఆ గోళీ చెడ్డదని నేననను, నా ఇల్లు నడిచిందే దానితోని.

ఎప్పటిసంది మారిననో నాకే తెల్వదు. ముందుగాల కనిపెట్టింది మా గల్లీల సెలూన్ ఆయన. పదిహేనేండ్ల సంది ఆయన దగ్గరనే గడ్డం గీయించుకుంట. ఒక ఆదివారం నురగ రాసి, కత్తిల సగం బ్లేడ్ ఎక్కించి, దవడ మీద రెండు సార్లు గీసి ఆగిండు. బొటనవేలుతోని చెంప మీద కిందికెల్లి మీదికి రాసి చూసిండు. "అన్నా, నువ్వొచ్చి పన్నెండు రోజులాయె, ఇది నాలుగు రోజుల గడ్డం లెక్క గూడ లేదు. ఇంతకుముందు నీ గడ్డానికి మధ్యల బ్లేడ్ మార్చేటోన్ని. ఒంట్ల మంచిగుంటున్నదా?" అన్నడు. మంచిగనే ఉన్న అని చెప్పి పైసలిచ్చి వచ్చిన.

ఆ రాత్రి నిద్ర పట్టలే, పండుకొని లెక్క పెట్టుకున్న. మా ఆలుమొగల నడుమ ఏమీ లేక ఏడాది కావస్తున్నది. నడుం నొప్పి గదా అని మా ఇంటామె గూడ అడుగలే, కానీ ఇంకెవరన్న ఉన్నరేమో అని లోపల్లోపల అనుకున్నదట, తర్వాత చెప్పింది. అది విన్నప్పుడు ఏడుపు రావాలె, రాలే. మా బిడ్డ ఇంటర్ మార్కులు చూసుకొని ఉరుక్కుంట వచ్చి చెప్తే "మంచిదమ్మా" అని మళ్ల అన్నం కలుపుకున్న, ఆ పిల్ల కాసేపు అట్లనే నిలబడి లోపలికి పోయింది. బాధ గూడ కాదు అది, చెవుల్ల దూది పెట్టుకున్నట్టు, అన్నీ వినబడుతయి గని ఏదీ తాకదు.

ఒక డాక్టర్ దగ్గరికి పోతే ఐదు నిమిషాల్ల డిప్రెషన్ అని తేల్చి ఇంకో గోళీ రాసిండు. ఇంకేం మందులు వాడుతున్నవని ఒక్క మాట అడుగలే, నా ఫైల్ ఆయన టేబుల్ మీదనే ఉండె. ట్రమడాల్‌కు తోడు కొన్ని రకాల డిప్రెషన్ గోళీలు కలిస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం పెరుగుతదని నాకు తర్వాత తెలిసింది, ఆ కోపం ఇప్పటికీ పోలే. 2018ల ట్రమడాల్‌ను ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం కిందికి తెచ్చిన్రు, అయినా మెడికల్ షాపుల పాత చీటీ చూపిస్తే నాకు స్ట్రిప్పులకు స్ట్రిప్పులు ఇచ్చుకుంటనే పోయిన్రు. ఇంకోదిక్కు గోడల మీద మగతనం పొడుల పోస్టర్లు, సిగ్గు పడేటోని జేబుల చెయ్యి పెడుతరు వాళ్లు. దోస్తు చెప్తే అది గూడ నాలుగు వేలు పెట్టి కొన్న.

చివరికి హార్మోన్ల డాక్టర్ దగ్గరికి పోయిన. ఆమె అడిగిన మొదటి మాటనే నొప్పికి ఏం వాడుతున్నవని. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ పొద్దుపొద్దున ఎక్కువుంటదట, అందుకే 8 గంటలకు రక్తం ఇచ్చి రమ్మన్నది. సుమారు 300 పైన ఉండాల్సింది నాకు 148 వచ్చింది. దాని పక్కన ఎల్‌హెచ్ అని ఇంకో హార్మోన్, అది గూడ తక్కువనే, ఆమె పెన్నుతోని దానికే సున్న చుట్టింది. మెదడు నుంచి ఆ ఎల్‌హెచ్ సిగ్నల్ వస్తేనే కింద టెస్టోస్టిరాన్ తయారైతదట, ట్రమడాల్ లెక్క నల్లమందు జాతి (ఓపియాయిడ్) మందులు నెలల తరబడి రోజూ వాడితే ఆ సిగ్నల్‌నే అణుస్తయట. నాకు మా షాపు లెక్కల అర్థమైంది, మిషన్ మంచిగనే ఉంది, ఏం చేయాల్నో చెప్పే జాబ్ కార్డే వస్తలేదు. టాపెంటడాల్, మార్ఫిన్, ఫెంటనిల్ పట్టీలు, ఇవన్నీ అదే జాతి. ఆడోళ్లకైతే నెలసరి తప్పుతదట, కొందరికి ఆగిపోతదట, ఏండ్లు గడిస్తే ఎవరికైనా బొక్కలు గూడ బలహీనమైతయట. నొప్పి, నిద్ర లేకపోవుడు గూడ మనసును కుంగదీస్తయని ఆమె అన్నది, నేనైతే నా కేసుల ముప్పావు వంతు గోళీదే అంట.

కానీ మీ నాయిన గోళీలు ఒక్కసారే ఆపకున్రి, దాచిపెట్టకున్రి. రిపోర్ట్ వచ్చిన రాత్రే నేను స్ట్రిప్పులన్నీ చెత్తబుట్టల వేసిన. తెల్లారేసరికి ఆవులింతల మీద ఆవులింతలు, ముక్కు కారుడు, కాళ్లు ఒక్కదగ్గర నిలువయి, మూడో రోజు విరేచనాలు, మళ్ల మెడికల్ షాపుకు ఉరికిన. తర్వాత డాక్టర్ చెప్పినట్టు కొంచెం కొంచెం తగ్గించుకుంట ఐదు నెలలు పట్టింది, దానితోపాటు ఫిజియోథెరపీ, నరాల నొప్పికి వేరే మందు. నొప్పి ఇప్పటికీ ఉంది, అబద్ధం చెప్పను. మందు మొత్తం ఆపినంక ఆరు నెలలకు పరీక్ష చేస్తే 370 వచ్చింది.

ఇది చదివి క్యాన్సర్ నొప్పి ఉన్నోళ్లకు మార్ఫిన్ వద్దనకున్రి, దయచేసి. మా మేనమామ చివరి రోజుల్ల రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే దవాఖానల మార్ఫిన్ ఇచ్చినంకనే రాత్రి పండుకున్నడు. అది వేరే లెక్క.

మీరు చేయాల్సింది, ఇంట్ల ఉన్న గోళీలన్నీ, ఖాళీ స్ట్రిప్పులతో సహా, ఒక కవర్ల వేసి డాక్టర్ దగ్గరికి తీస్కపోన్రి, పొద్దున టెస్టోస్టిరాన్, ఎల్‌హెచ్ పరీక్ష చేపియ్యాల్నా అని మీరే అడుగున్రి. ఇంకోటి, లోపలికి మీ నాయినను ఒక్కన్నే పంపున్రి. కొడుకో బిడ్డో పక్కన ఉంటే ఆ వయసు మనిషి అసలు సంగతి నోరు తెరిచి చెప్పడు.