పేరు తప్ప ఏమీ తెలియని ముత్తాతను వెతకడం ఎలా?

"మా ముత్తాత గుంటూరు ప్రాంతంలో మామూలు రైతు. చదువు లేదు, ఫొటో లేదు, జనన ధ్రువపత్రం లేదు. పేరొక్కటే తెలుసు. ఆయన గురించి తెలుసుకునే దారి ఉందా?" అని ఒకరు అడిగారు. ఉంది. మా తాతగారి నాన్నగారి కోసం నేను నాలుగేళ్ళు తిరిగాను. ముందుగా ఒక మాట: పుట్టిన తేదీ కోసం పట్టుబట్టకండి, పొలం జాడ పట్టుకోండి. భూమి కొన్నప్పుడో, తాకట్టు పెట్టినప్పుడో తప్ప ఆ తరం పల్లెటూరి మనిషి పేరు కాగితం మీదికి ఎక్కడం అరుదు.

ఇంట్లో అడగవలసిన మొదటి ప్రశ్న తద్దినం ఎప్పుడు పెట్టేవారని. మా ఇంట్లో ఆశ్వయుజ బహుళ ఏకాదశి అన్నారు. తిథి దొరికింది కానీ సంవత్సరం తెలియదు. మా నాయనమ్మ మాత్రం తన అత్తగారి మాటగా ఒకటి చెప్పేది: "ఆ ఏడు జ్వరాలు వచ్చి ఇంటికొకరు పోయారట. పాడె మోయడానికి మనుషులు దొరకలేదట." అది 1918 నాటి ఇన్‌ఫ్లూయెంజా అయి ఉంటుందని నాకు తట్టింది. పెద్దవాళ్ళకు ఏళ్ళు అంకెల్లో గుర్తుండవు, కష్టాల్లో గుర్తుంటాయి. నందన కరువు అంటే 1832–33, బందరు ఉప్పెన అంటే 1864, ధాత కరువు అంటే 1876–77. అలాంటి మాట ఏది విన్నా వెంటనే రాసిపెట్టుకోండి. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకు మళ్ళీ వస్తాయి కాబట్టి అరవై ఏళ్ళు అటూ ఇటూ అయ్యే ప్రమాదం ఉంది, జాగ్రత్త.

మాకు ఇంకో చిక్కు ఎదురైంది. ఆ ఊళ్ళో అదే ఇంటిపేరు, అదే పేరు ఉన్నవాళ్ళు ముగ్గురు. ఆ ముడి విప్పింది మా కాగితాలు కావు, మా పొలం పక్క పొలం వాళ్ళవి. 1911లో వాళ్ళు రాయించుకున్న క్రయ దస్తావేజులో హద్దులు చెబుతూ "ఉత్తరం: ఫలానా వారి కుమారుడు ఫలానా మెరక చేను" అని ఉంది. తండ్రి పేరుతో సహా మా ముత్తాత అక్కడ కనిపించాడు! తన పేరిట ఒక్క కాగితమూ లేని మనిషి కూడా ఇతరుల దస్తావేజుల్లో హద్దుగానో, సాక్షిగానో ఉంటాడు. అందుకే ఇరుగుపొరుగు రైతుల ఇళ్ళకు తప్పకుండా వెళ్ళండి.

తండ్రి పేరు తెలిశాక సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్ళాను. ఆన్‌లైన్‌లో దొరికే ఈసీ (ఒక ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పట్టీ) సాధారణంగా 1983 నుంచే ఉంటుంది. అంతకు ముందువాటికి దరఖాస్తు పెట్టుకోవాలి. స్థిరాస్తి దస్తావేజులను ఒకటో పుస్తకంలో ఎక్కిస్తారు. రుసుము కట్టి ఆ పుస్తకాన్ని, దాని ఇండెక్సును చూసే హక్కు 1908 రిజిస్ట్రేషన్ చట్టం ఎవరికైనా ఇచ్చింది. మొదటిసారి "అంత పాతవి లేవు" అన్నారు. మూడోసారి ఇండెక్సు తీశారు. 1916లో రెండెకరాల మెరక మీద 120 రూపాయలకు తనఖా రాసిన పద్దు అందులో ఉంది.

అప్పు తీరితే అసలు కాగితం రైతుకే తిరిగి వస్తుంది. అంటే అది మా వాళ్ళలో ఎవరి దగ్గరో ఉండాలి. "పాత కాగితాలేమైనా ఉన్నాయా?" అని అంతకుముందు అడిగితే అందరూ లేవన్నవారే. ఈసారి ఏడాది, నంబరు చెప్పి అడిగితే మా పెదనాన్నగారు అటక మీది రేకు పెట్టె దింపించారు. మడతల దగ్గర చిరిగిన స్టాంపు కాగితం. కింద ఊదారంగు వేలిముద్ర, దానికి అడ్డంగా తెల్లటి గీత. కొడవలి తెగిన మచ్చ కావచ్చు. వెనక్కి తిప్పితే చెల్లు పద్దులు. నల, పింగళ సంవత్సరాల్లో ఆయనే కట్టాడు. కాళయుక్తి మాఘంలో మాత్రం "ఇతని భార్య వల్ల ముట్టిన రూపాయలు ఇరవై" అని ఉంది. కాళయుక్తి అంటే 1918–19. ఆ ఏడు ఆశ్వయుజ బహుళ ఏకాదశి అక్టోబరు నెలాఖరున వచ్చింది. నాయనమ్మ మాట నిజమే. ఆయన పోయిన మూడు నెలలకే ఆవిడ అప్పు కట్టడానికి వెళ్ళిందన్న సంగతి మాత్రం మాకు ఎవరూ చెప్పలేదు. ఆ పూట నేను ఇంకేమీ చదవలేకపోయాను.

మీ వాళ్ళకు సొంత భూమి లేకపోయినా వెతకవచ్చు. గ్రామసేవ చేసిన చాకలి, మంగలి, కుమ్మరి, వెట్టి కుటుంబాలకు సర్వీసు ఇనాములు, అంటే ఆ సేవకు బదులుగా ఇచ్చిన భూములు, ఉండేవి. 1858లో మొదలైన ఇనాం కమిషన్ తయారుచేసిన ఫెయిర్ రిజిస్టర్లలో అనుభవదారు పేరు, వయసు, వారసులు కూడా కనిపిస్తారు. గొల్లలకు మందహెచ్చులు, పద్మశాలీలకు కూనపులి వారు, మాదిగలకు డక్కలి వారు, రెడ్లకు పిచ్చుకుంట్ల వారు కుల కథలు, వంశాలు చెప్పేవారు. వాళ్ళలో ఇప్పటికీ చెప్పగలిగిన పెద్దలు ఉంటే ఆలస్యం చేయకండి. తెలంగాణ వైపు బంధువులుంటే సేత్వార్ (తొలి భూమి సర్వే రిజిస్టరు), 1954–55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరి అనుభవంలో ఉందో రాసిన రికార్డు) చూడండి. రెవెన్యూ లెక్కల్లో ఫసలీ అనే సంవత్సరం కనిపిస్తే 590 కలపండి: 1330 ఫసలీ అంటే 1920లో మొదలైన ఏడాది.

మీ ఊరు జమీందారీ గ్రామమా, రైతులు నేరుగా సర్కారుకే శిస్తు కట్టిన రైతువారీ గ్రామమా అన్నది కనుక్కుని రాయండి. జమీందారీ అయితే చాలాచోట్ల 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతే సర్కారు సెటిల్‌మెంటు జరిగింది కాబట్టి వెతకవలసిన రికార్డులు వేరే. అది తెలిస్తే ఏది ముందు అడగాలో చెబుతాను.