గొత్తికోయ గూడేనికి ఏం తీసుకెళ్లాలి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ములుగు, భూపాలపల్లి అడవుల్లో ఉంటున్న గొత్తికోయల గురించే. ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల పోరులో కాల్పుల భయానికి ఊళ్లు వదిలి వచ్చి, మన దగ్గర గుడిసెలు వేసుకున్న ఆదివాసీలు వీళ్లు. నేను ఏటూరునాగారం ఏజెన్సీలో ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్లు తిరిగే ఆరోగ్య కార్యకర్తగా చేరి, హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. ఆ గూడేలకు టీకాల పెట్టె మోసుకుని తిరిగిన దాన్ని కాబట్టి చూసింది చూసినట్టు చెబుతాను.

మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్లమంతా కలిసి పాత బట్టలు, బిస్కెట్లు, పసిపిల్లలకు పాలపొడి డబ్బాలు పోగుచేశాం. ఒక ఆదివారం తాడ్వాయి వైపు గొత్తికోయ గూడేనికి వెళ్లి పంచుదామనుకుంటున్నాం. ఇంకా ఏమైనా కొనమంటారా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

కొనే ముందు ఒకటి తీసేయండమ్మా. పాలపొడి డబ్బాలు వద్దు.

ఎందుకో చెబుతాను. లోపలి గూడేల్లో చాలా చోట్ల బోరు లేదు. ఎండాకాలం వాగు ఎండిపోతే ఇసుకలో మోకాలి లోతు చెలమ తీస్తారు. నీళ్లు ఊరేదాకా పక్కన కూర్చుంటారు. సొరకాయ బుర్రతో కొంచెం కొంచెం ముంచి, బిందె మూతికి గుడ్డ కట్టి పోస్తారు. ఒక బిందె నిండేసరికి అడుగు నుంచి బురద లేస్తుంది. అది తేటపడేదాకా రెండో ఆమె ఆగాలి. నేను ఒక బాలింతను చూశాను, బిడ్డను వీపున కట్టుకుని ఆ చెలమ దగ్గర తన వంతు కోసం ఎండలో కూర్చుంది. అక్కడ సీసా కడగడానికి మరిగించిన నీళ్లు ఎక్కడివి? ఆ నీళ్లలోనే పాలపొడి కలిపితే బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. డబ్బా నాలుగు రోజుల్లో అయిపోతుంది. ఈలోగా బిడ్డ రొమ్ము వదిలేస్తే తల్లికి పాలు తగ్గిపోతాయి. మళ్లీ డబ్బా కొనే స్తోమత ఆమెకు ఉండదు. యుద్ధాల్లో, వరదల్లో నిర్వాసితులకు సాయం చేసే సంస్థలన్నీ పాలపొడి, పాలసీసాలు విరాళంగా పంచవద్దనే చెబుతాయి. తల్లికి తిండి పెట్టండి. పప్పు, నూనె, పల్లీలు, బెల్లం, గుడ్లు తీసుకెళ్లండి. బిడ్డ సంగతి తల్లి చూసుకుంటుంది.

ఇక బట్టలు. మన బీరువాల్లో పనికిరానివి అక్కడా పనికిరావు. నూలు చీరలు, లుంగీలు, తువ్వాళ్లు, పిల్లలకు స్వెటర్లు, చెప్పులు అయితే సరే. అన్నిటికంటే ముందు దోమతెరలు. కుటుంబానికి సరిపడా పెద్దవి, మందు పట్టించినవి. ఏజెన్సీలో వానలు మొదలయ్యాక మలేరియాతో పసిపిల్లలు ఎలా అయిపోతారో నేను చూశాను. తెరలు చేతికిచ్చి వచ్చేయకండి, గుడిసెలోకి వెళ్లి కట్టి చూపించండి. తర్వాత టార్పాలిన్లు, మూత ఉన్న నీళ్ల డబ్బాలు, సబ్బులు, ఉప్పు. నిర్వాసితుల శిబిరాల్లో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు అందాలని ప్రపంచవ్యాప్తంగా పాటించే ప్రమాణం ఉంది. మీరు వెళ్లే గూడెంలో ఇంటిల్లిపాదికీ కలిపి ఎన్ని బిందెలు వస్తున్నాయో అడిగితే ఆ ప్రమాణానికి ఎంత దూరంలో ఉన్నారో మీకే తెలుస్తుంది.

ఆదివారమే ఎందుకు? మీకు సెలవని. మిరపకాయ ఏరే రోజుల్లో గూడెం గూడెమంతా మంగపేట, ఏటూరునాగారం వైపు చేలల్లో ఉంటుంది. మే నెలలో తునికాకుకు పోతారు. అంగడి రోజు సగం మంది ఉండరు. అక్కడి ఆశా కార్యకర్తకు ఫోన్ చేసి, ఏ రోజు ఉంటారో, ఎన్ని కుటుంబాలున్నాయో, ఏం కావాలో కనుక్కోండి. ఏం కావాలని వాళ్లను అడగకుండా వెళ్లే బండ్లే ఎక్కువ, అదే నా బాధ. టార్పాలిన్లు, తెరలు జూన్ మొదటి వారంలోపు అందాలి. వాగులు పొంగాక ట్రాలీ కాదు కదా, మనిషి కూడా దాటలేడు. ఏటూరునాగారం వైపు అభయారణ్యం ఉంది కాబట్టి ఫారెస్టు వాళ్లకు, పోలీస్ స్టేషన్‌కు ముందే చెప్పి వెళ్లండి.

బండి మీద నిలబడి విసరకండి. గూడెం పెద్దను, ఆశా కార్యకర్తను కూర్చోబెట్టి ఇంటింటి లెక్క రాయించండి. గర్భిణులు, బాలింతలు, ముసలివాళ్లు ముందు. ఫోటోలు వద్దే వద్దు. వాళ్ల చుట్టాలు ఇంకా అక్కడి ఊళ్లలో ఉన్నారు. వాట్సాప్‌లో తిరిగే ఒక ముఖం ఎవరి కంట పడుతుందో మనకు తెలియదు.

అడవి నరికి పోడు కొట్టేది వీళ్లే. నక్సలైట్లకు అన్నం పెట్టిందీ వీళ్లేనంటారు. అలాంటి వాళ్లకు సాయం చేయమని రాయడం న్యాయమేనా?
– ఒక రైతు, భూపాలపల్లి

అన్నా, అడవి పోతున్న మాట నిజం. 2022 నవంబర్‌లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చంద్రుగొండ మండలంలో మొక్కలు కాపాడటానికి వెళ్లిన అటవీ రేంజ్ అధికారిని పోడు గొడవలో గొత్తికోయలు కొందరు చంపేశారు. ఆ ఇంటి దుఃఖానికి ఎవరూ సర్దిచెప్పలేరు. ఆ నేరం చేసిన వాళ్లకు శిక్ష పడటం న్యాయమే. కానీ వాళ్లు చేసినదానికి ఇంకో మండలంలో పసిబిడ్డకు దోమతెర ఆపాలంటే నేను ఒప్పుకోను.

వీళ్లెందుకు వచ్చారో కొంచెం చూడండి. 2005 జూన్‌లో అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం మొదలైంది, మావోయిస్టుల మీదికి ప్రభుత్వం అండతో నడిచిన సాయుధ ఉద్యమం అది. బీజాపూర్, సుక్మా అప్పటికి విడి జిల్లాలు కావు. మావోయిస్టులకు అండగా ఉన్నారంటూ ఊళ్లు ఖాళీ చేయించి జనాన్ని రోడ్ల పక్క శిబిరాలకు తరలించారు, ఇళ్లు తగలబెట్టారు. శిబిరానికి పోతే పోలీసుల మనిషని మావోయిస్టులు చంపేవాళ్లు. ఊళ్లో ఉంటే మావోయిస్టు అని జుడుం వాళ్లు పడేవాళ్లు. ఎటు పోయినా చావే అనుకున్న వాళ్లు పిల్లల్ని ఎత్తుకుని అడవులు పట్టి గోదావరి వైపు నడిచారు. గిరిజన యువకులను స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా పెట్టి, తుపాకులిచ్చి ఆ పోరులోకి దించడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పు చెప్పింది. అప్పటికి ఊళ్లు ఖాళీ అయిపోయి ఆరేళ్లు.

ఒకసారి టీకాల రోజు ఒక ముసలామెకు బీపీ చూస్తూ మీదే ఊరని అడిగాను. మాట్లాడలేదు. పక్కన ఉన్న మనవడు చెప్పబోతే వాడి మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఊరి పేరు చెబితే ఎవరి తరఫు మనిషివని అడుగుతారని ఆమె భయం. గోదావరి దాటి ఏళ్లు గడిచినా ఆ భయం దాటలేదు. నేను మళ్లీ అడగలేదు, మాత్రలు ఎలా వేసుకోవాలో చెప్పి పంపాను.

మా పని అంతే అన్నా. జ్వరంతో వణికే పిల్లకు వేలు గుచ్చి రక్తం తీసేటప్పుడు తండ్రి ఎవరికి అన్నం పెట్టాడని అడగం. పోట్లాటలో లేని జనాన్ని కాపాడాలని 1949లో జెనీవా ఒప్పందాలు రాసుకున్నారు. రెడ్‌క్రాస్ వాళ్లు ఏ పక్షం వహించకుండా, అవసరాన్ని బట్టే సాయం అంటారు. నేను ఆ పుస్తకాలు చదవక ముందే మా సీనియర్ సిస్టర్ దగ్గర నేర్చుకున్నది కూడా అదే.

పోడు ఆగాలంటే కడుపు నిండే దారి ఇంకోటి కావాలి. రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు ఉన్న గూడెంలో కొత్తగా చెట్టు మీద గొడ్డలి పడటం తగ్గుతుందని నేను గట్టిగా నమ్ముతాను. మీ వైపు మిరప ఏరడానికి మనుషులు దొరకనప్పుడు ట్రాక్టర్ పంపి తెచ్చుకునేది వీళ్లనే కదా. ఆ కూలీ సరిగ్గా, ఎప్పటికప్పుడు ఇప్పించండి. అది కూడా సాయమే.

మా బడికి దగ్గర్లోని గూడెం నుంచి పిల్లలు వస్తామంటున్నారు. జనన ధ్రువపత్రం లేదు, ఆధార్ లేదు. చేర్చుకుంటే రేపు నా మీదికి వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడు, వాజేడు మండలం

చేర్చుకోండి సార్, ఇవాళే. 2009 విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్‌లోనే ఉంది, వయసు ధ్రువపత్రం లేదని ఏ పిల్లనూ బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు. ఆధార్ లేదని పిల్లలకు రావాల్సినవి ఆపకూడదని 2018 సెప్టెంబర్ తీర్పులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మీ రిజిస్టర్‌లో పేరు రాయడంతో ఆ పిల్లకు మొదటి కాగితం పుడుతుంది. మధ్యాహ్న భోజనం కూడా ఆ రోజు నుంచే.

ఇంటి దగ్గర పుట్టిన పిల్లల సంగతే చిక్కు. కాన్పు అయిన 21 రోజుల్లోపు పంచాయతీ కార్యదర్శికి చెబితే రూపాయి ఖర్చు లేకుండా నమోదవుతుంది. ఏడాది దాటితే ఆర్డీవో ఉత్తర్వు కావాలి. దానికి ఆ కుటుంబం ఎన్నిసార్లు కూలి పోగొట్టుకుని తిరగాలో ఆలోచించండి. మీలాంటి చదువుకున్నవాళ్లు ఒక గూడెంలో అలాంటి పిల్లలందరి వివరాలు ఒకే చోట రాసి, ఏఎన్‌ఎం దగ్గరున్న టీకాల రికార్డు జతచేసి ఇస్తే పని చాలా తేలికవుతుంది. ఎవరైనా సాయం చేస్తామని మీ దగ్గరికి వస్తే బిస్కెట్లు కాదు, ఈ పనికి తోడు రమ్మనండి.

అంగన్‌వాడీ సంగతి కూడా చూడండి. ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇవ్వాలి. ఏడు నెలలు దాటిన పిల్లలకు బాలామృతం అనే పోషకాహార పిండి ఉంది. మరి సెంటర్ ఎక్కడో మైళ్ల దూరంలో ఉంటే నిండు గర్భిణి రోజూ ఎలా నడిచి వస్తుంది? అందుకే గూడెంలోనే చిన్న సెంటర్ కావాలని, లేదంటే సరుకు ఇంటికే ఇవ్వాలని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకు రాయండి. టీచర్ సంతకంతో వెళ్లిన కాగితానికి విలువ ఉంటుంది.

గాజా, సూడాన్, మణిపూర్ వార్తలు చూస్తుంటే నిద్ర పట్టడం లేదు. నా దగ్గర ట్యూషన్లు చెప్పి దాచుకున్న 5 వేలున్నాయి. ఎవరికి పంపను?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాజీపేట

నీ మనసు మంచిది బిడ్డా. పోరాటాలు, హింస వల్ల సొంత దేశంలోనే ఇల్లు విడిచి బతుకుతున్నవాళ్లు 2024 చివరికి ప్రపంచంలో 7 కోట్ల 35 లక్షల మంది. 5 వేలు చిన్న మొత్తం అనుకోకు.

వస్తువులు కాకుండా డబ్బే పంపు, అక్కడి అంగట్లో అక్కడికి కావాల్సింది కొంటారు. ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న, లెక్కలు బయటపెట్టే పెద్ద సంస్థ వెబ్‌సైట్‌లోకి నువ్వే స్వయంగా వెళ్లి కట్టు. ఏడుస్తున్న పాప ఫోటో కింద ఫోన్‌కు వచ్చే క్యూఆర్ కోడ్‌లు స్కాన్ చేయకు, మోసాలు ఎక్కువ. నగదు ఇవ్వకు. విరాళాలకు ఇచ్చే ఆదాయపన్ను మినహాయింపు కూడా నగదుగా 2 వేలకు మించి ఇస్తే వర్తించదు. పరీక్షలైపోయాక సెలవులుంటే ములుగు వైపు రా, పైన వాజేడు సార్‌కు చెప్పిన పనికి మనిషి కావాలి.

ఇప్పుడు అక్కడ నక్సలైట్ల బలం తగ్గిందంటున్నారు. మరి వీళ్లని సొంత ఊళ్లకు పంపేస్తే మంచిది కదా?
– ఒక పాఠకుడు, నర్సంపేట

పంపేయడం వేరు, పోవాలనుకున్న వాళ్లకు దారి చేయడం వేరు. నిర్వాసితుల గురించి 1998లో ఐక్యరాజ్య సమితి ఇచ్చిన మార్గదర్శక సూత్రాలు ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉన్నాయి. తిరిగి వెళ్లడమైనా, ఉన్నచోట స్థిరపడటమైనా వాళ్ల ఇష్టప్రకారం, భద్రంగా, గౌరవంగా జరగాలి. మన దేశంలో ఇలాంటివాళ్లకోసం ప్రత్యేక చట్టం లేదు. కానీ వీళ్లు పరాయి దేశం వాళ్లు కారు. రాష్ట్రం సరిహద్దు దాటిన భారత పౌరులు. దేశంలో ఎక్కడైనా ఉండే హక్కు రాజ్యాంగమే ఇచ్చింది.

చిక్కంతా ఇక్కడుంది. షెడ్యూల్డ్ తెగల జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌లో ఎస్టీ అయిన మనిషికి ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ రాదు. అటవీ హక్కుల చట్టం కింద హక్కు రావాలంటే 2005 డిసెంబర్ 13కి ముందు నుంచే ఆ నేల తమ ఆధీనంలో ఉండాలి. ఆ తేదీకి అటూఇటూగా ప్రాణభయంతో పరుగెత్తుతున్న మనిషి ఫలానా నేల నా ఆధీనంలో ఉందని ఎక్కడ చూపిస్తాడు? అదే చట్టం 3వ సెక్షన్‌లో, ఆ తేదీకి ముందు అటవీ భూమి నుంచి అక్రమంగా వెళ్లగొట్టబడిన వాళ్లకు ప్రత్యామ్నాయ భూమితో పునరావాసం ఇవ్వాలన్న మాట కూడా ఉంది. దాన్ని వీళ్లకు ఎంతవరకు వర్తింపజేయవచ్చో రెండు రాష్ట్రాలూ కూర్చుని తేల్చాలి.

చేయాలనుకుంటే అవుతుంది. మిజోరంలో గొడవలతో 1997లో త్రిపురకు పారిపోయి వచ్చిన బ్రూ తెగ ప్రజలు ఇరవై ఏళ్లకు పైగా శిబిరాల్లోనే గడిపారు. 2020 జనవరి 16న కేంద్రం, రెండు రాష్ట్రాలు, బ్రూ ప్రతినిధులు సంతకాలు చేశారు. సుమారు 34 వేల మందికి త్రిపురలోనే స్థిరపడే అవకాశం ఇచ్చారు. కుటుంబానికి ఇంటి స్థలం, ఇల్లు కట్టుకోవడానికి లక్షన్నర, 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, రెండేళ్లపాటు నెలకు 5 వేలు, ఉచిత రేషన్. అక్కడ అయినది ఇక్కడ ఎందుకు కాదని మనం గట్టిగా అడగాలి.

2005లో వీపున బిడ్డగా వచ్చిన వాళ్లకు ఇప్పుడు సొంత పిల్లలున్నారు. వాళ్లకు తెలుగు వచ్చు, ఇక్కడి వాగులు తెలుసు, అక్కడి ఊరు తెలియదు. వాళ్ల తాతలకేమో అక్కడి ఇప్పచెట్ల మీదే ధ్యాస. ఒకే గుడిసెలో రెండు అభిప్రాయాలుంటాయి. అందుకే ఇంటింటికీ వెళ్లి, గోండి, కోయ మాట్లాడేవాళ్లను వెంటబెట్టుకుని, పోలీసులు పక్కన లేకుండా, ఆడవాళ్లను విడిగా కూర్చోబెట్టి అడగాలి. పోతామన్నవాళ్లకు అక్కడ పొలం, ఇల్లు ముందు చూపించాలి. ఉంటామన్నవాళ్లకు ఇక్కడ కార్డు, బోరు, అంగన్‌వాడీ ఇవ్వాలి. మీకు వీలైతే ఒక సోమవారం ములుగు కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లి ఈ సర్వే చేయించమని అర్జీ పెట్టండి, రసీదు తీసుకోవడం మరిచిపోకండి.