తనంతట తానే వేడెక్కే వస్తువుల్లో వేడిని ఆపే పదార్థం నిజంగా అవసరమా?

మీరు అడిగింది ఇది: నీళ్లు పోస్తే వేడెక్కే టిఫిన్ డబ్బాలు, ఒంటికి అంటించుకునే వేడి పట్టీలు అమ్మేవాళ్లలో కొందరు "ఫేజ్ చేంజ్ మెటీరియల్ (కరుగుతూ వేడిని మింగే పదార్థం) వాడాం, అందుకే ధర ఎక్కువ" అంటున్నారు. అది నిజంగా పనిచేసేదా, ధర పెంచడానికి పెట్టిన పేరా?

పనిచేస్తుంది. టిఫిన్ డబ్బా సంగతి ఎలా ఉన్నా, ఒంటికి తగిలే వస్తువులో అది లేకపోతే ముసలివాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు, పసిపిల్లలకు ఇవ్వనే కూడదు. నేను నల్లగొండ జిల్లాలో ప్రభుత్వ హైస్కూల్లో 19 ఏళ్లుగా ఫిజికల్ సైన్స్ చెప్తున్నాను. గుప్తోష్ణం, అంటే పదార్థం కరిగేటప్పుడో ఆవిరయ్యేటప్పుడో ఉష్ణోగ్రత పెరగకుండా మింగే వేడి, ఆ పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. కానీ ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం పాఠం కాదు, మా అమ్మ ఎడమకాలు.

మా అమ్మది మర్రిగూడ మండలం. ఆ పేరు చెప్తే మా జిల్లావాళ్లకు ఇంకేం చెప్పనక్కర్లేదు. ముప్పై ఏళ్లకు పైగా ఆ ఫ్లోరైడ్ నీళ్లే తాగింది. మోకాళ్లు వంగవు, నడుం నిలబడదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మా ఊరి పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. అది ఆఫ్రికా దేశాల దాకా పోయింది. మా అమ్మ తాగిన బావి దగ్గరికి మాత్రం రాలేదు. కృష్ణా నీళ్లు నల్లాలోకి వచ్చేసరికి ఆమె ఎముకలు గట్టిపడిపోయాయి. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. దానికి తోడు షుగర్. పాదాలకు స్పర్శ తక్కువ. చెప్పు జారిపోయినా తెలియదు, వెనక్కి తిరిగి చూసుకుంటేనే తెలుస్తుంది.

రెండేళ్ల కింద డిసెంబర్‌లో మా తమ్ముడు హైదరాబాద్ నుంచి ఆన్‌లైన్‌లో ఒక డబ్బా తెప్పించి పంపాడు. అందులో పది పట్టీలు. కవర్ చింపితే చాలు, గాలి తగిలి వేడెక్కుతాయి, 12 గంటలు వేడి ఉంటుంది అని రాసి ఉంది. అమ్మకు భలే నచ్చాయి. పొయ్యి వెలిగించనక్కర్లేదు, ఎవరినీ లేపనక్కర్లేదు. మూడు రాత్రులు చీర మీదనుంచి మోకాలికి పెట్టుకుంది. ఏం కాలేదు.

నాలుగో రోజు శనివారం, నేనూ వెళ్లాను. మా ఇంట్లో కింద షాబాద్ బండలు, చలికాలం అడుగు పెడితే కాలు జివ్వుమంటుంది. ఆ రాత్రి అమ్మ పట్టీలు అరికాళ్ల కింద పెట్టుకుని, పైన సాక్సులు తొడుక్కుని, దాని మీద గొంగడి చుట్టుకుని పడుకుంది. నేను పక్క మంచంలోనే ఉన్నాను. గొంగడి చుట్టుకుంటుంటే నేనే అంచులు సరిచేసి కాళ్ల కిందికి దోపాను. గాలి దూరకుండా.

తెల్లారి మొహం కడుక్కోవడానికి లేచి నాలుగు అడుగులు వేసింది. బండల మీద తడి అచ్చులు పడ్డాయి, ఎడమకాలివి మాత్రమే. నీళ్లు ఒలికాయేమో అనుకున్నా. కూర్చోబెట్టి సాక్సు లాగితే చర్మం దాంతోపాటు వచ్చింది. మడమ దగ్గర అరచేతంత బొబ్బ, పగిలి నీరు కారుతోంది. నేను ఏడుస్తుంటే అమ్మ నన్నే ఓదార్చింది: "ఎచ్చగ ఉంటె మంచిగ నిద్ర వట్టింది బిడ్డా. గింత దానికి ఏడుస్తవేంది." ఆమెకు నిజంగానే నొప్పి తెలియలేదు. సాక్సులోంచి తీసిన పట్టీ ఇంకా వేడిగానే ఉంది. పిడికిట్లో పట్టుకుని యాభై లెక్కపెడదామనుకున్నా, ముప్పై దాటలేకపోయాను.

నల్లగొండలో చూపించిన డాక్టర్ గారు ముందు నమ్మలేదు. "వేడినీళ్లు పడ్డాయా, పొయ్యి దగ్గర కాలిందా" అని తిప్పి తిప్పి అడిగారు. షుగర్ కాలు కాబట్టి మానడానికి రెండు నెలలు పట్టింది. రెండు నెలలూ రోజూ డ్రెస్సింగే. ఆ రెండు నెలలూ నేను ఈ పట్టీల గురించి దొరికిందల్లా చదివాను.

లోపల ఉన్నది ఇనుప పొడి. దానికి ఉప్పు, కాస్త నీరు, బొగ్గు పొడి కలుపుతారు. వానాకాలం చూరులో పెట్టిన కొడవలి తుప్పు పట్టినట్టే ఇదీ తుప్పు పడుతుంది. కొడవలికి నెలలు పట్టేది దీనికి గంటల్లో జరుగుతుంది, అంతే తేడా. ఒక గ్రాము ఇనుము పూర్తిగా తుప్పు పడితే దాదాపు 7 కిలోజౌళ్ల వేడి వస్తుంది. ఆ వేడి ఎంత వేగంగా రావాలన్నది సంచికున్న సన్నని రంధ్రాల్లోంచి వెళ్లే గాలి మీద ఆధారపడుతుంది. అందుకే బూటులో పెట్టుకునే పట్టీలను తక్కువ గాలిలోనూ పనిచేసేలా చేస్తారు. వాటిని బయట వాడితే ఇంకా ఎక్కువ వేడెక్కుతాయి. ఏది దేనికో ఇంగ్లీషులో, చీమల్లాంటి అక్షరాల్లో రాస్తారు. మా అమ్మ దాన్నెలా చదువుతుంది?

కాలడానికి మంటే అక్కర్లేదు. చర్మం 44 డిగ్రీల దగ్గర ఆరు గంటలు ఉంటే చాలు, కాలుతుంది. అమెరికాలో మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు 1947లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది ఇది. అక్కడి నుంచి 51 దాకా ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ ఆ సమయం దాదాపు సగానికి తగ్గుతూ పోతుంది. స్పర్శ ఉన్నవాళ్లు చురుక్కుమనగానే కాలు తీసేస్తారు. మా అమ్మకు ఆ చురుకు లేదు.

మిగిలిన పట్టీల్లో ఒకదాన్ని తర్వాత అదే గొంగడిలో చుట్టి, థర్మామీటర్ దోపి చూశాను. రెండు గంటలకు 61 చూపించింది. బల్ల మీద విడిగా పెట్టినది 47 దాటలేదు. పట్టీలు రెండూ ఒకే డబ్బావి. గొంగడి వేడి పుట్టించదు, పుట్టినదాన్ని పోనివ్వదు.

మా నాయనమ్మ ఇటుకను పొయ్యిలో కాల్చి, పాత గుడ్డలో చుట్టి కాపడం పెట్టేది. ఇసుక మూట, ఉప్పు మూట కూడా అంతే. ఎంత వేడి చేసినా పొయ్యి దించిన క్షణం నుంచి దానికి ఉన్నది చల్లారడమే. గొంగడి చుట్టినా ఆలస్యంగా చల్లారుతుంది తప్ప ఇంకా వేడెక్కదు. ఈ పట్టీ అలా కాదు. పొయ్యి దాని కడుపులోనే ఉంది. వేడి బయటికి పోకపోతే లోపల పేరుకుంటుంది, వేడెక్కినకొద్దీ తుప్పు ఇంకా వేగంగా పడుతుంది. తనంతట తాను వేడెక్కే వస్తువు ఏదైనా ఇంతే. వేడి పుట్టించడం సులువు, ఆపడమే కష్టం.

ఆపే పని చేసేదే మీరు అడిగిన పదార్థం. ఇడ్లీ పాత్ర తీసుకోండి. కింద గ్యాస్ ఎంత పెంచినా, అడుగున నీళ్లు ఉన్నంతసేపు లోపల 100 డిగ్రీలు దాటదు. ఎక్కువైన వేడినంతా నీళ్లు ఆవిరి కావడానికి వాడుకుంటాయి. నీళ్లు అయిపోయాయా, పాత్ర మాడుతుంది. ఆవిరి బదులు కరగడం పెట్టుకోండి. మైనం కరుగుతున్నంతసేపు కిలోకి దాదాపు 200 కిలోజౌళ్లు మింగుతుంది, ఉష్ణోగ్రత మాత్రం అక్కడే నిలబడుతుంది. అదే వేడిని కిలో నీళ్లకు ఇస్తే 48 డిగ్రీలు పెరుగుతాయి. తర్వాత పొయ్యి చల్లబడినప్పుడు మైనం గడ్డకడుతూ మింగినదాన్ని మెల్లగా తిరిగి ఇస్తుంది. అంటే వేడి మరీ పైకి ఎక్కకుండా చూసి, అది ఉండే సమయం పెంచుతుంది. ధర పెంచడానికి పెట్టిన పేరైతే ఈ పని చేయదు కదా.

బడిలో పిల్లలకు చూపించాను. ఒకే సైజు రేకు డబ్బాలు రెండు, మధ్యలో స్టీలు గ్లాసు, గ్లాసులో 100 గ్రాముల పొడి సున్నం. ఒక డబ్బాలో గ్లాసు చుట్టూ 300 గ్రాముల ఇసుక, రెండో దాంట్లో అంతే బరువు కొవ్వొత్తుల మైనం కరిగించి పోసి గడ్డకట్టించాను. కిలో సున్నం నీళ్లు తాగితే 1,100 కిలోజౌళ్ల పైనే వేడి వస్తుంది. అందుకే నీళ్లు నేనే పోశాను, పిల్లలను కిటికీ దగ్గర నిలబెట్టి. సున్నం కంట్లో పడితే చూపు పోవచ్చు, ఇంట్లో ఎవరూ చేయవద్దు. ఇసుక డబ్బా గోడ 74 దాకా ఎక్కి దిగిపోయింది. మైనం డబ్బా గోడ 55 దగ్గర ఆగి, ఇరవై నిమిషాలకు పైగా అక్కడే కూర్చుంది. "మేడం, థర్మామీటర్ ఖరాబైందా" అని ఒక పిల్ల అడిగింది. మా ల్యాబ్‌లో ఉన్నదే ఒక్క థర్మామీటర్, దాన్నే రెండు డబ్బాలకూ మార్చి మార్చి పెట్టాం.

ఇక ఇందులో మోసం ఎక్కడ జరగొచ్చో కూడా చెప్తాను. ఈ పదార్థం వేడిని ఆపేయదు, పక్కన పెట్టుకుంటుంది. మొత్తం కరిగిపోయాక ఉష్ణోగ్రత మళ్లీ ఎక్కుతుంది, ఇడ్లీ పాత్రలో నీళ్లు అయిపోయినట్టే. కాబట్టి చిటికెడు వేసి పేరు రాసుకుంటే లాభం లేదు, ఇంధనానికి తగ్గ బరువు ఉండాలి. రెండోది, మైనానికి వేడిని పంచుకునే గుణం తక్కువ. పొయ్యి పక్కన ఉన్నది కరిగి, దూరంగా ఉన్నది గడ్డగానే ఉంటుంది. అందుకని గ్రాఫైట్ పొడి కలపడమో, అల్యూమినియం రేకులు పెట్టడమో చేస్తారు. కరిగినప్పుడు కారకుండా మూసిన సంచుల్లోనో, కంటికి కనపడని గుళికల్లోనో పెట్టాలి. ఖర్చు నిజంగా అక్కడే అవుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఎన్ని డిగ్రీల దగ్గర కరిగేది ఎంచుకున్నారన్నది. కొవ్వొత్తి మైనం టిఫిన్ డబ్బాకు సరిపోతుంది, ఒంటికి పనికిరాదు. కొబ్బరినూనె 24 దగ్గరే కరుగుతుంది, మన చలికాలం సీసాలో గడ్డకట్టేది అందుకే. ఆ నూనెలోనే ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లాన్ని వేరుచేస్తే 44 దగ్గర కరుగుతుంది. రాత్రంతా ఒంటికి పెట్టుకునేదానికి అదీ ఎక్కువే. లోపలి బిళ్ల టక్కుమనిపిస్తే వేడెక్కే జెల్ సంచుల్లో ఉండేది సోడియం అసిటేట్. గడ్డకట్టేటప్పుడు వచ్చే వేడినే అది ఇస్తుంది కాబట్టి 58 దాటి పోదు, మరిగే నీళ్లలో వేస్తే మళ్లీ పనికొస్తుంది. పట్టీల కంటే నాకు అవే నయం అనిపిస్తాయి, కానీ మధ్యలో మందపాటి గుడ్డ ఉండాల్సిందే. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలను వెచ్చగా ఉంచడానికి 2007లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు మొదలుపెట్టిన ఎంబ్రేస్ సంచి ఉంది. అందులోని మైనం లాంటి పదార్థం 37 డిగ్రీల దగ్గర గంటలపాటు నిలబడుతుంది. పసిగుడ్డు ఒంటికి సరిపోయేలా చేయగలిగినప్పుడు మా అమ్మ కాలికి ఎందుకు చేయరు?

టిఫిన్ డబ్బా గురించి రెండు మాటలు. అందులో పొడి సున్నం వాడినా, మెగ్నీషియం వాడినా, మొదట్లోనే వేడి ఎగదన్ని చాలావరకు ఆవిరిగా పోతుంది. మధ్యలో కరిగే పదార్థం ఉంటే మూత తీసేవాళ్ల చేతులు కాలవు, అన్నం ఎక్కువసేపు వేడిగా ఉంటుంది. ప్రయాణాల్లో వాడేవాళ్లు ఆ ఎక్కువ ధర పెట్టినా తప్పులేదు.

కొనేముందు అమ్మేవాళ్లను రెండే అడగండి: దుప్పటి కింద పెడితే ఎన్ని డిగ్రీల దాకా పోతుంది, ఎన్ని గంటల తర్వాత ఆ అదుపు పోతుంది. నేను అడిగినవాళ్లలో ఒక్కరూ అంకె చెప్పలేదు. "సేఫ్ మేడం, అందరూ వాడుతున్నారు" అన్నారు. ఆ రెండు అంకెలు ప్యాకెట్ మీద తెలుగులో అచ్చు వేయకుండా ఇలాంటివి అమ్మనివ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

తమ్ముడికి ఇప్పటికీ ఆ డబ్బా తానే పంపాననే బాధ ఉంది. "అక్కా, అదుపు ఉన్నది దొరికితే చెప్పు, ఎంతైనా తెప్పిస్తా" అంటాడు. 40 దగ్గర ఆగుతుందని అంకె రాసి ఉన్నది ఇంకా వెతుకుతున్నాను. అందాకా అమ్మకు ఇసుక మూటే. మూకుట్లో వేయించి, ముందు నా మోచేతికి ఆనించి చూసుకుని, అప్పుడు ఆమె కాలికి పెడుతున్నాను.