వ్యోమగామి కావాలనుకుంటున్న మా అమ్మడికి

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఐరోపా అంతరిక్ష సంస్థ మళ్లీ వ్యోమగాముల కోసం ప్రకటన ఇస్తే నువ్వు దరఖాస్తు పెడతావని మీ నాన్న ఆదివారం ఫోనులో చెప్పాడు. వాడి గొంతులో గర్వం ఎంత వినిపించిందో దిగులూ అంతే వినిపించింది. ఆ తరువాత మీ పెద్దమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచినా నాకు లేవబుద్ధి కాలేదు. లీసెస్టర్‌లో పుట్టిన మా ఇంటి పిల్ల అంత ఎత్తుకు చూస్తోందన్న సంతోషం ఒక పక్కన, కాకినాడలో ఒక రాత్రి నా చేతుల్లో బిగుసుకుపోయిన మూడేళ్ల పిల్ల ముఖం ఇంకో పక్కన. ఈ ఉత్తరం ముఖ్యంగా ఆ రాత్రి కోసమే రాస్తున్నాను.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. 2021లో వాళ్లు సైన్సు, వైద్యం, ఇంజనీరింగు వంటి వాటిలో మాస్టర్స్ పట్టా, ఆపైన మూడేళ్ల అనుభవం అడిగారు. యాభై ఏళ్లు దాటకూడదన్నారు. ఆ సంస్థ ఐరోపా యూనియన్‌లో భాగం కాదు కాబట్టి బ్రెగ్జిట్ తరువాత కూడా బ్రిటన్ అందులో సభ్యదేశమేనని మీ నాన్నకు చెప్పు. రష్యన్ కొంచెం నేర్చుకో. ఈత మానకు.

ఓపిక సంగతి మాత్రం ఒక్క మాటతో వదలలేను. 2008లో ఒకసారి పిలిచారు, మళ్లీ పిలిచింది 2021లో. అప్పుడు ఇరవై రెండు వేల ఐదు వందల మందికి పైగా దరఖాస్తు పెడితే పదిహేడు మందిని తీసుకున్నారు. 2009లో ఎంపికైన బ్రిటన్ వ్యోమగామి టిమ్ పీక్ 2015 డిసెంబరు దాకా నేల మీదే ఉన్నాడు. ససెక్స్‌లో పుట్టిన పియర్స్ సెల్లర్స్ 1991లో అమెరికా పౌరసత్వం తీసుకుని, 1996లో నాసాకు ఎంపికై, 2002లో గాని పైకి వెళ్లలేదు. ఎంపికయ్యే దాకా అతడు వాతావరణం మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త. నువ్వూ నీ పరిశోధనను ఈ కలకు తాకట్టు పెట్టకూడదు. హెలెన్ షర్మన్ చాక్లెట్ల కంపెనీలో రసాయన శాస్త్రవేత్త. 1989లో కారులో ఇంటికి వెళుతూ రేడియోలో ప్రకటన విన్నది. పదమూడు వేల మందిలో ఎంపికై, 1991 మే 18న సోయజ్ వ్యోమనౌక ఎక్కి, మీర్ అనే సోవియట్ అంతరిక్ష కేంద్రానికి వెళ్లింది. బ్రిటన్ నుంచి అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి మనిషి ఆమే. ఆ రోజు అబర్డీన్‌లో మా ఇంట్లో టీవీ ముందు నేనూ మీ పెద్దమ్మా నిలబడే చూశాము.

ఇప్పుడు నా తప్పు. మీ నాన్నకు కూడా సగమే తెలుసు.

1984లో సముద్రంలో చమురు తీసే ఒక కంపెనీలో ఇంజనీరుగా నాకు పని దొరికింది. వైద్య పరీక్ష ఫారంలో ఉబ్బసం ఉందా, ఎప్పుడైనా ఉండేదా అని అడిగిన గడిలో ‘లేదు’ అని రాశాను. చిన్నప్పుడు ఉండేది, నాకు పదిహేనో ఏడు వచ్చేసరికి పోయింది. పోయినదాన్ని రాయడం దేనికి, చేతికి వచ్చిన పని చెడగొట్టుకోవడం దేనికి అనుకున్నాను. తరువాత హెలికాప్టర్ నీళ్లలో పడితే ఎలా బయటపడాలో నేర్పే శిక్షణకు పంపారు. ఇనుప డబ్బా లాంటి గదిలో మమ్మల్ని బెల్టులతో కుర్చీలకు బిగించి, కొలనులోకి దించి, తలకిందులు చేస్తారు. కిటికీ అంచు మీద చెయ్యి వదలకుండా ఉంచుకుని, తిరగడం ఆగాక బెల్టు విప్పుకుని అందులోంచి బయటికి రావాలి. కిటికీ పక్క కుర్చీ నాది. నా పక్కనున్న కుర్రాడు నా తరువాత అదే కిటికీలోంచి రావాలి. చన్నీళ్లకో, క్లోరిన్ వాసనకో, మునగకముందే నా ఊపిరి బిగుసుకుంది. నీళ్లలో చెయ్యి అంచు మీదే ఉంది, వేళ్లు మాత్రం కదలలేదు. వెనుక నుంచి అతడు నా భుజం మీద కొడుతున్నాడు. గజ ఈతగాళ్లు వచ్చి ఇద్దరినీ లాగేశారు. గట్టు మీద కూర్చుని అతడు నీళ్లు కక్కాడు, తరువాత తలెత్తి నా వంక చూశాడు. తిట్టలేదు.

సాయంత్రం డాక్టరు ఆ ఫారం నా ముందు పెట్టి, నిజం రాసి ఉంటే ఊపిరితిత్తుల పరీక్ష చేసి అప్పుడే తేల్చేవాళ్లమన్నాడు. ఉద్యోగం పోయింది. నాలుగేళ్ల తరువాత మరో చోట ఒడ్డు మీద పని దొరికింది గాని, సముద్రం మీదికి మళ్లీ వెళ్లలేదు.

1997 జూన్ 25న సరుకుల నౌక గుద్దుకుని మీర్‌కు చిల్లు పడినప్పుడు, లింకన్‌షైర్‌లో పుట్టిన మైకేల్ ఫోల్ కిటికీ దగ్గర బొటనవేలు నిలిపి, దాని పక్కనుంచి నక్షత్రాలు కదిలే తీరును బట్టి కేంద్రం ఎంత వేగంతో తిరుగుతోందో లెక్కగట్టాడు. అతడు చెప్పిన లెక్కను నమ్మి కింద ఉన్నవాళ్లు ఇంజన్లు మండించారు. అది చదివినప్పుడు నాకు ఆ కుర్రాడే గుర్తుకు వచ్చాడు. తన ప్రాణం నా మాట మీద ఆధారపడి ఉందని అతడికి తెలియదు, నాకు తెలిసి ఉండాల్సింది.

నీకు మూడేళ్లప్పుడు జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. ఒక్కసారే, రెండు నిమిషాలు. మళ్లీ ఎప్పుడూ రాలేదు. “అది రాయక్కరలేదు కదా అన్నయ్యా” అని మీ నాన్న అడిగాడు, నేను వాడిని గట్టిగా కేకలేశాను. నువ్వూ అలాంటి ఆలోచన చేస్తే నిన్నూ కేకలేస్తాను. నిర్ణయం వైద్యులది, రాయడం నీ వంతు. పంతొమ్మిదేళ్లకు మోటారుసైకిలు ప్రమాదంలో కుడికాలు పోయిన జాన్ మెక్‌ఫాల్‌ను 2022లో ఆ ఐరోపా సంస్థే తీసుకుంది. సుదీర్ఘ యాత్రకు తగినవాడేనని 2025లో వైద్యులు తేల్చారు. వాళ్లు అన్నీ కొలిచి చూసి చెప్పేవాళ్లు, తల్లీ, గడి చూసి భయపడేవాళ్లు కారు.

ఆ రాత్రి ఆసుపత్రిలో ఇచ్చిన చీటీ మీ నాన్న పారేశాడు, కాని దాని నకలు నా దగ్గర ఉంది. ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. మడత దగ్గర సిరా చెదిరినా తేదీ, జ్వరం ఎంత ఉందో రాసిన అంకె బాగానే కనిపిస్తున్నాయి. అందినట్లు ఫోను చెయ్యి.

మీ పెదనాన్న
అబర్డీన్