సికిల్ సెల్ అనే రక్తవ్యాధి ఉన్నవారికి రక్తదానం ఎందుకంత ముఖ్యం? తిరుపతిలో ఉన్నవారు ఇస్తే ఉపయోగమా?

తప్పకుండా ఉపయోగమే. మామూలు ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది; ఈ వ్యాధిలో అది కొడవలిలా వంగి, గట్టిపడి, 10 నుంచి 20 రోజుల్లోనే చితికిపోతుంది. వంగిన కణాలు సన్నని రక్తనాళాల్లో చిక్కుకుని తీవ్రమైన నొప్పిని, కొందరు పిల్లల్లో పక్షవాతాన్ని సైతం తెస్తాయి. దాత రక్తం ఎక్కిస్తే రక్తహీనత తగ్గడమే కాక ఒంట్లో వంగే కణాల వాటా కూడా తగ్గుతుంది కనుక, పక్షవాతం ముప్పున్న పిల్లలకు మూడు నాలుగు వారాలకొకసారి ఎక్కిస్తూ ఉంటారు.

చాలామంది గమనించని చిక్కు ఇంకొకటి ఉంది. పదేపదే రక్తం ఎక్కించుకునేవారి శరీరం పరాయి కణాలపై దాడిచేసే ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) తయారుచేసుకోవచ్చు. వారికి గ్రూపు కలిస్తే చాలదు, ఎర్ర కణాలపై ఉండే సి, ఇ, కెల్ వంటి ఉపగుర్తులు కూడా కలవాలి. దాతలు ఎంత ఎక్కువమంది, ఎంత వైవిధ్యంగా ఉంటే సరిపడే రక్తం దొరికే అవకాశం అంత పెరుగుతుంది.

తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రుల్లో రక్తనిధులున్నాయి. వయసు 18 నిండి, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ డెసీలీటరుకు కనీసం 12.5 గ్రాములు ఉన్న ఆరోగ్యవంతులు ఇవ్వవచ్చు. రబ్బరు బంతిని నొక్కుతూ పడుకుంటే దాదాపు పది నిమిషాల్లో 350 మిల్లీలీటర్ల సంచి నిండుతుంది. కళాశాలలకు సెలవులిచ్చే మే నెలలో విద్యార్థి దాతలు తగ్గుతారు కనుక అప్పుడు వెళ్లగలిగితే మరీ మంచిది.