వాపు సంగతి తర్వాత, ముందు బీపీ చూపించండి.. ఇవాళే

ప్రశ్న: మాది కోనసీమలో పి.గన్నవరం వైపు లంక గ్రామం. మా అమ్మాయికి 22 ఏళ్లు, తొలిచూలు. ఇప్పుడు 33 వారాలు. సీమంతం చేసి పది రోజుల క్రితం పుట్టింటికి తెచ్చుకున్నాం. కాళ్లు బాగా నీరు పట్టాయి, మెట్టెలు తీద్దామంటే రావడం లేదు. మొన్న ఏఎన్‌ఎం గారు చూస్తే బీపీ 148/96 ఉంది. పెద్దాసుపత్రిలో చూపించమన్నారు. నిన్నటి నుంచి తలనొప్పిగా ఉందంటోంది. మా అత్తగారేమో కడుపుతో ఉన్నప్పుడు నీరు పట్టడం మామూలే, ఉప్పు తగ్గిస్తే పోతుందంటున్నారు. ఆవిడ వాడే బీపీ మాత్రలు ఇంట్లోనే ఉన్నాయి, సగం బిళ్ల వేయొచ్చా? ఏటికి వరద వస్తోందంటున్నారు. నీరు తీశాక తీసుకెళ్తే ఫరవాలేదా?
– ఒక తల్లి, కోనసీమ జిల్లా

జవాబు: అమ్మా, మీ ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. వరద నీరు తీసేదాకా ఆగొద్దు. ఇవాళే, పొద్దుండగానే రేవు దాటించండి. అత్తగారి మాత్ర సగం కాదు కదా, పావు బిళ్ల కూడా వేయొద్దు. ఏఎన్‌ఎం గారు చెప్పింది సరైన మాట.

కడుపుతో ఉన్న పదిమందిలో ఎక్కువమందికి సాయంత్రానికి పాదాలు పొంగుతాయి. పెరిగిన గర్భసంచి కింద నుంచి పైకి వెళ్లే రక్తనాళాన్ని నొక్కుతుంది కాబట్టి అలా జరుగుతుంది. రాత్రి పడుకుని లేచేసరికి తగ్గిపోతుంది. అంతవరకు మీ అత్తగారి మాట నిజమే. కానీ బీపీ పెరిగి వచ్చే వాపు వేరు. పొద్దున్న లేచేసరికే మొహం ఉబ్బి ఉంటుంది, కళ్ల కింద సంచుల్లా కనిపిస్తుంది, ఉంగరం వేలికి బిగుసుకుంటుంది, వారంలోనే కిలో పైన బరువు పెరుగుతుంది. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో అయిదు సెకన్లు నొక్కి తీస్తే గుంట అలాగే ఉండిపోతుంది. అయితే వాపు ఏమాత్రం లేకుండా కూడా ఈ జబ్బు ముదిరిపోవచ్చు. అందుకే మేం వాపును బట్టి జబ్బు తేల్చం, బీపీని, మూత్రంలో ప్రొటీన్‌ను, రక్తపరీక్షలను బట్టి తేలుస్తాం.

20 వారాలు దాటాక, కనీసం 4 గంటల తేడాతో రెండుసార్లు చూసినప్పుడు బీపీ పై అంకె 140కి గానీ కింది అంకె 90కి గానీ చేరి ఉంటే అది గర్భంతో వచ్చిన బీపీ. దానికి మూత్రంలో ప్రొటీన్ తోడైనా, లేదా రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గడం, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతినడం లాంటివి కనిపించినా దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. అక్కడి నుంచి మూర్ఛలు వస్తే ఎక్లాంప్సియా. మన పెద్దలు గుర్రపువాతం అన్నది దీన్నే. పై అంకె 160కి గానీ కింది అంకె 110కి గానీ చేరితే అత్యవసరం. మెదడులో రక్తనాళం చిట్లే ప్రమాదం ఉంది కాబట్టి గంటలోపే మందు పడాలి. మీ అమ్మాయి అంకె అంత దూరం పోలేదు. కానీ తలనొప్పి తోడైందన్నారు, ఇవాళే వెళ్లమనడానికి ఆ ఒక్కటి చాలు.

ఇదెందుకు వస్తుందో తెలిస్తే ఉప్పు మానడం ఎందుకు పనిచేయదో అర్థమవుతుంది. మాయ గర్భసంచికి అతుక్కున్నచోట తల్లి రక్తనాళాలు అయిదో నెలలోపు బాగా వెడల్పవ్వాలి. కొందరిలో అవి సన్నగానే ఉండిపోతాయి. మాయకు రక్తం చాలదు. అప్పుడు దాని నుంచి కొన్ని పదార్థాలు తల్లి రక్తంలో కలిసి ఒళ్లంతా ఉన్న రక్తనాళాల లోపలి పొరను పాడుచేస్తాయి. మూత్రపిండాల్లో ఆ పొర పాడైతే ప్రొటీన్ మూత్రంలోకి జారిపోతుంది. కాలేయం ఉబ్బి దాని మీది పొర సాగితే పొట్ట పైభాగంలో, కుడి డొక్క కింద నొప్పి వస్తుంది. మెదడులో తలనొప్పి, మూర్ఛ. కంటిలో మసక, మెరుపులు. అంటే జబ్బు మూలం మాయలో ఉంది. ఆవకాయ, ఉప్పుచేప తగ్గించినంత మాత్రాన అది నయం కాదు. మంచినీళ్లు తగ్గిస్తే ఇంకా నష్టం. మామూలుగా తినే ఉప్పు తిననివ్వండి, గుడ్డు, పప్పు, పాలు మానిపించకండి.

ఇప్పుడు మాత్రల సంగతి. పెద్దవాళ్లు వాడే బీపీ బిళ్లల్లో టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి చాలా మామూలు. అవి కడుపులో బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, ఉమ్మనీరు తగ్గిపోతుంది. ఎటెనోలాల్ బిడ్డ ఎదుగుదలను తగ్గిస్తుంది. వాపు తగ్గాలని మందుల షాపులో ఇచ్చే నీటి మాత్ర ఇంకో పొరపాటు. ఈ జబ్బులో వాపు పైకి కనిపిస్తున్నా రక్తనాళాల లోపల ద్రవం తక్కువగానే ఉంటుంది. ఆ కాస్తా మూత్రంలో పోతే మాయకు అందే రక్తం ఇంకా తగ్గుతుంది. తలనొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దు. పారాసెటమాల్ 500 ఒకటి వేయొచ్చు. దానికీ తగ్గని తలనొప్పి అయితే అది బీపీ తలనొప్పేనని లెక్క. పైకడుపు నొప్పిని గ్యాస్ అనుకుని బిళ్ల వేసి పడుకోబెట్టడం వల్ల పోయిన ప్రాణాలున్నాయి. ఏడో నెల దాటాక కొత్తగా పొట్ట పైభాగంలో నొప్పి వస్తే బీపీ చూడకుండా దాన్ని గ్యాస్ అనకూడదు.

గర్భిణికి వాడదగిన బీపీ మందులు ముఖ్యంగా మూడున్నాయి. లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా. ఏది, ఎంత అన్నది చూసిన డాక్టరే చెప్పాలి. ఆమెకు ఉబ్బసం ఉంటే తప్పకుండా చెప్పండి, లాబెటలాల్ పడదు. ఇంకో మాట. మందుతో అంకె దిగిందంటే జబ్బు పోయిందని కాదు. మందు తల్లి మెదడును కాపాడుతుంది, మాయను బాగుచేయదు. అంకె 130కి దిగిందని పరీక్షలు మానేస్తే మోసపోతాం.

బీపీ చూసే పద్ధతి తప్పితే అంకె తప్పుతుంది. రేవు నుంచి నడిచి వచ్చిన వెంటనే చూడకూడదు. అయిదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆని కూర్చోవాలి, పాదాలు నేలకు ఆనాలి, కాలు మీద కాలు వేయకూడదు, చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. జాకెట్టు చేతి మీద పట్టీ చుడితే లాభం లేదు. చేయి లావుగా ఉంటే పెద్ద పట్టీ కావాలి, చిన్నది చుడితే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఎడమవైపు పడుకోబెట్టి పైకి వచ్చిన కుడి చేతికి చూస్తే తక్కువ చూపిస్తుంది, అదీ ప్రమాదమే. ఇంట్లో వాడే డిజిటల్ మెషిన్లు కొన్ని ఈ జబ్బులో తక్కువ అంకె చూపిస్తాయి కాబట్టి అంకె బాగానే ఉంది, తలనొప్పి మాత్రం తగ్గలేదు అంటే తలనొప్పినే నమ్మండి.

మూత్రపరీక్ష ఉపకేంద్రంలోనే అవుతుంది. స్ట్రిప్‌ను మూత్రంలో ముంచి తీసి నిమిషం ఆగి చూస్తే ప్రొటీన్ గడి పసుపుగా ఉంటే లేనట్టు, ఆకుపచ్చలోకి తిరిగితే ఉన్నట్టు. రంగు ముదిరినకొద్దీ ఒకటి, రెండు, మూడు ప్లస్‌లు. తెల్లబట్ట కలిస్తే తప్పుడు ఫలితం వస్తుంది. కడుక్కుని, మొదట వచ్చే మూత్రం వదిలేసి మధ్యలోది పట్టాలి.

ఆసుపత్రిలో ప్లేట్‌లెట్లు, కాలేయ ఎంజైములు, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూస్తారు. ప్లేట్‌లెట్లు లక్ష కన్నా తగ్గినా, క్రియాటినిన్ 1.1 దాటినా జబ్బు తీవ్రంగా ఉన్నట్టే. హిమోగ్లోబిన్ రిపోర్టును మాత్రం జాగ్రత్తగా చదవాలి. ఈ జబ్బులో రక్తం చిక్కబడుతుంది కాబట్టి నిన్నటి 9 ఇవాళ 11 అయి కనిపించవచ్చు. అది రక్తం పట్టడం కాదు. కాన్పులో కాస్త రక్తం పోగానే అసలు లోటు బయటపడుతుంది. రక్తం ఇవ్వగల ఇద్దరు బంధువులను ముందే అనుకుని ఉంచండి. స్కానింగ్‌లో బిడ్డ బరువు, ఉమ్మనీరు, బొడ్డుతాడులో రక్తప్రవాహం చూస్తారు.

ఎక్కడికి తీసుకెళ్లాలి అంటే, రాత్రీపగలూ గైనకాలజిస్టు, మత్తు డాక్టరు, రక్తం, నెలలు నిండని బిడ్డను చూసే విభాగం ఈ నాలుగూ ఉన్నచోటికి. మీకు దగ్గర అమలాపురం ఏరియా ఆసుపత్రి. అక్కడివారు అవసరమనుకుంటే కాకినాడ పెద్ద ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌కి పంపుతారు. అమలాపురం నుంచి అది 60 కిలోమీటర్ల పైచిలుకు. ఆ దూరం పగలు, మూర్ఛ రాకముందు వెళ్తే ప్రయాణం, అర్ధరాత్రి మూర్ఛతో వెళ్తే గండం. లంకల్లో కాజ్‌వేలు, ఏటిపాయ మీది మట్టి దార్లు ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక ఇవ్వకముందే మునగొచ్చు. హెచ్చరిక కోసం కాసుకుని కూర్చోవద్దు. ఏఎన్‌ఎం గారికి, ఆశా కార్యకర్తకు ఇప్పుడే ఫోన్ చేయండి. 108 మీ రేవు అవతలి గట్టుకు వచ్చి ఆగేలా వాళ్లే మాట్లాడతారు.

వెళ్లేటప్పుడు తల్లీబిడ్డల కార్డు, పాత స్కానింగులు, రక్తపరీక్షలు అన్నీ సంచిలో పెట్టుకోండి. పుట్టింటి కాన్పుల్లో నాకు ఎక్కువ బాధ కలిగించే లోటు ఇదే. సరిగ్గా ఈ జబ్బు తలెత్తే ఏడు, ఎనిమిది నెలల్లోనే అమ్మాయి ఊరు మారుతుంది, ఫైలు అత్తవారింట్లో బీరువాలో ఉండిపోతుంది. మూడో నెలలో బీపీ 100/60 ఉండేదని తెలిసిన డాక్టరు 138/88ని చూసినా ఉలిక్కిపడతాడు. తెలియని డాక్టరు నార్మల్ అంటాడు. ఫైలు మీ దగ్గర లేకపోతే అల్లుడు గారితో ప్రతి పేజీ ఫొటో తీయించి వాట్సాప్‌లో తెప్పించుకోండి.

దారిలో ఎడమవైపు తిప్పి పడుకోబెట్టండి. మూర్ఛ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం, నోట్లో సోడా పోయడం ఏవీ వద్దు. పక్కకు తిప్పి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టి, నోటి నురగ తుడవండి. సాధారణంగా నిమిషం, నిమిషంన్నరలో ఆగుతుంది. ఆగింది కదా అని ఇంటికి తిప్పొద్దు, రెండోది రావచ్చు. దగ్గర్లోని పీహెచ్‌సీలో మూర్ఛలను ఆపే మందు మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు వేయించుకునే ముందుకు కదలండి. ఒక్కో పిరుదుకు 5 గ్రాముల చొప్పున మొత్తం 10 గ్రాములు, అంటే 2 మిల్లీలీటర్ల ఆంపుల్స్ పది. సూది పడ్డచోట మంట, ఒళ్లంతా వేడి ఆవిరి కమ్మినట్టు ఉంటుంది. భయపడొద్దు, మందు గుణమే అది. మళ్లీ డోసు ఇచ్చే ముందు నర్సు మోకాలి మీద తట్టి చూస్తుంది, ఊపిరి లెక్కపెడుతుంది, మూత్రం ఎంత వచ్చిందో కొలుస్తుంది. మందు ఎక్కువైతే ముందు మోకాలి కదలిక పోతుంది, తర్వాత ఊపిరి తగ్గుతుంది. దానికి విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ పక్కనే ఉంచుతారు.

కాన్పు ఎప్పుడన్నది మీరు అడగలేదు కానీ అక్కడ వినబోయేది అదే. ప్రమాద లక్షణాలేవీ లేకుండా బీపీ అదుపులో ఉంటే 37 వారాల దాకా చూస్తారు. తీవ్రంగా ఉంటే 34 దాటాక ఆగరు. మూర్ఛ వచ్చినా, ప్లేట్‌లెట్లు పడిపోతున్నా, మాయ ముందే ఊడి పొట్ట రాయిలా గట్టిపడి నల్లటి రక్తం పోతున్నా వారాలు లెక్కచూడరు. తల్లిని నిలకడ చేసి కాన్పు చేస్తారు. మీ అమ్మాయికి 33 వారాలే కాబట్టి త్వరలో కాన్పు చేయాల్సి రావచ్చనుకుంటే బిడ్డ ఊపిరితిత్తుల కోసం డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకోసారి నాలుగు సూదులు వేస్తారు. ఆ నాలుగూ పూర్తయ్యేందుకు ఒకటిన్నర రోజు పడుతుంది. ఇవాళ వెళ్లడానికి అదీ ఒక కారణం. బీపీ ఉన్నంత మాత్రాన ఆపరేషనే కానక్కర్లేదు. తల్లీ బిడ్డా తట్టుకుంటే నొప్పులు తెప్పించి మామూలు కాన్పు చేస్తారు. కాన్పయ్యాక రక్తస్రావం ఆగడానికి ఆక్సిటోసిన్ ఇస్తారు. అదే పనికి వాడే మిథర్జిన్ ఈమెకు ఇవ్వకూడదు, బీపీ ఒక్కసారిగా ఎగురుతుంది. లోపల ఉన్నవారికి ఈ బీపీ సంగతి మరోసారి గుర్తుచేయడంలో తప్పులేదు.

బిడ్డ బయటపడగానే గండం గడిచిందనుకుంటారు. బీపీ అసలు ఎక్కువగా పెరిగేది కాన్పయిన మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య. అప్పటికి చాలామంది ఇంటికి వచ్చేసి పథ్యంలో ఉంటారు. బాలింత తలనొప్పి అంటే చల్లగాలి తగిలిందని చెవుల్లో దూది పెడతారు. దానికి ముందు బీపీ చూపించండి. మాత్రలు ఆపమని డాక్టరు చెప్పేదాకా ఆపొద్దు. మంచినీళ్లు దాహమైనన్ని తాగనివ్వండి. మొదటి వారంలో ఒకటి రెండుసార్లు, ఆపైన ఆరో వారంలో బీపీ తప్పనిసరి. లాబెటలాల్, నిఫెడిపిన్ వాడుతూ బిడ్డకు పాలివ్వొచ్చు.

తర్వాతి కాన్పుకు మళ్లీ రావచ్చు కాబట్టి నెల తప్పిన వెంటనే చూపించుకోవాలి. 12 వారాల నుంచి రోజూ రాత్రి చిన్న మోతాదు ఆస్పిరిన్ డాక్టరు రాస్తారు. ప్రభుత్వం ఇచ్చే కాల్షియం 500 మిల్లీగ్రాములు రోజుకు రెండు, ఐరన్ మాత్రతో కలపకుండా, వేరే పూట వేసుకోవాలి. ఈ లేఖ చదివే మిగతా గర్భిణులు ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో జరిగే ప్రత్యేక పరీక్షలకు వెళ్లి బీపీ, మూత్రం రెండూ చూపించుకోండి. కార్డు మీద అంకె రాయించుకోండి.

మెట్టెలు రాకపోతే సబ్బునీళ్లతో ప్రయత్నించండి. వేలు నల్లబడుతుంటే ఆసుపత్రిలో కత్తిరిస్తారు. బిడ్డ కదలికలు గమనించమని అమ్మాయికి చెప్పండి. ఎడమవైపు పడుకుంటే రెండు గంటల్లో పది కదలికలైనా తెలియాలి. తగ్గితే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి. ఇక పడవ మాట్లాడండి.